మూర్ మార్కెట్టు: ముఖము, ఊపిరి

నెల్లూరు తీరపు ఊళ్ళనుండి రైలెక్కి చెన్నపట్నము సెంట్రల్ స్టేషనులో దిగిన తెలుగువారికి, 1985 వరకు, ఆ ప్రక్కనే కనబడిన పెద్ద ఎఱ్ఱకట్టడము మూర్ మార్కెట్టు. పాత పుస్తకములు, బొమ్మలు, పెంపుడు పక్షులు, పురావస్తువులు, ఏది కావలెనన్నను అక్కడ దొరకునని ప్రతీతి. బేరము తెలియనివాని జేబు అక్కడనే ఖాళీ యగుననియు ప్రతీతి. సరుకునుగూర్చి చెప్పుకొన్నంతగా కట్టడమునుగూర్చి చెప్పుకొన్నవారు తక్కువ. చెప్పుకొన్నవారును చాలవఱకు ముఖభాగమునే మెచ్చుకొనిరి.

బ్రాడ్వేలోని పాఫమ్ మార్కెట్టు ఇఱుకై పోగా, దాని స్థానమున క్రొత్తదానిని తలపెట్టి, నగరపాలక సంస్థ అధ్యక్షుడు సర్ జార్జి మూర్ 1898 లో పునాదిరాయి వేసెను. నమూనా గీసినవాడు ఆర్. ఇ. ఎల్లిస్. 1900 లో దానిని తెఱచిరి; మఱుసటి జనవరిలో విక్టోరియా రాణి మరణించెను. కనుక ఇది ఆ యుగపు కడపటి అంగడిశాలలలో ఒకటి.

ఆ యుగమున ఐరోపాలో అంగడిశాల యనగా ఇనుప కంబములు, గాజు కప్పు. 1851 లో లండనులో జోసెఫ్ పాక్స్టన్ కట్టిన స్ఫటిక భవనము, పారిస్ నగరమున విక్టర్ బాల్టార్ కట్టిన లే హాల్ అంగళ్ళు అందఱిని ముగ్ధులను చేసెను. చలిదేశమున అది తగినదే. గాజు సూర్యకాంతిని లోనికి రానిచ్చును గాని, లోపలి వేడిని సులభముగా వెలికి పోనీయదు. చెన్నపట్నము 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. ఏప్రిల్ చివరను, ఆగస్టు నడుమను సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అట్టిచోట గాజుకప్పు క్రింద కూరగాయల గతి యేమగునో విద్యార్థులే ఊహింపగలరు. సముద్రపుగాలిలోని ఉప్పు ఇనుమును త్వరగా తినివేయును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, గోడలో పొదిగిన ఇనుపదూలము తుప్పుపట్టినచో గోడనే చీల్చును.

మూర్ మార్కెట్టును ఇటుకతో కట్టిరి. కమానులను ఇండో సారసెనిక్ పద్ధతిలో తీర్చిరి. ఈ అలంకారము ఎంత కన్నులపండువైనను, న్యాయస్థానమునకు, కళాశాలకు, అంగడికి ఆనాటి ప్రభుత్వము తొడిగిన ఉడుపు దాదాపు ఒక్కటే. అందుచేత లోపల ఏమి జరుగునో ముఖము చెప్పదు. ఈ కట్టడపు గొప్ప అంతయు లోపలి ఏర్పాటులో ఉండెను: నడుమ ఆకాశము కనబడు ముంగిలి, దాని చుట్టును నీడగల నడవలు, నడవల వెంబడి దుకాణములు. ఇది ఐరోపా అంగడిశాలకంటె మన మండువా లోగిలికి దగ్గఱి చుట్టము. ఎండకు ముంగిలిలోని గాలి వేడెక్కి పైకి లేచును. దాని చోటికి నడవలలోని చల్లనిగాలి జరుగును. మధ్యాహ్నము సముద్రపుగాలి తోడగును. మందమైన ఇటుకగోడ వేడిని మెల్లగా పీల్చుకొనును గనుక, నిట్టమధ్యాహ్నమున కొనువాడు నీడలో నిలిచి తీరికగా బేరమాడగలిగెను. యంత్రము లేకుండ ఇంత పని చేయించుట చిన్న విషయము కాదు.

అయితే గాలికి దారియైనది మంటకును దారి యగును. ఇటుక ఒకసారి బట్టీలో కాలి వచ్చినదే; అది మండదు. మండునది లోపల నింపిన కాగితము, గుడ్డ, కొయ్య. ఎడతెగని నడవలో మంట పుట్టినచో, వేడి వాయువులు కప్పు క్రింద ప్రాకి, దూరముననున్న సరుకును సైతము ముందే కాచి సిద్ధము చేయును. దీనికి విరుగుడు కప్పును దాటి పైకి లేచిన అడ్డుగోడలు. దుకాణముల వరుసను అవి ముక్కలుగా విడదీయును. సరుకు మాఱుచు పోయిన కొలది కట్టడమును మరల పరీక్షింపవలెను. కూరగాయల రాశికిని పుస్తకముల రాశికిని ఒకే రక్షణ చాలదు. 1985 మే 30 న మూర్ మార్కెట్టు అగ్నికి ఆహుతియయ్యెను.

వర్తకులకు సమీపమున లిల్లీ పాండ్ కాంప్లెక్సులో చోటిచ్చిరి. పాత స్థలమున రైల్వేవారి బహుళాంతస్తుల భవనము లేచెను. సూళ్ళూరుపేట వైపు పోవు లోకల్ బండ్లు బయలుదేరు స్టేషనుకు మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అన్న పేరు మిగిలినది. అక్కడనే పాత కట్టడపు ఎఱ్ఱని చిన్న నమూనాను జ్ఞాపకముగా నిలిపిరి. అందులో కమానులు ఉన్నవి, ముఖము ఉన్నది. నడవలలో మనిషి నిలుచుటకు చోటు లేదు.