దూడ చర్మం మీద లోకం

కాటలాన్ అట్లాస్ అనే పద్నాలుగో శతాబ్దపు ప్రపంచ పటాన్ని చూడటం మొదలుపెట్టాల్సింది రాజుల బొమ్మల దగ్గర కాదు, రేవుల పేర్ల దగ్గర. మధ్యధరా సముద్రం చుట్టూ, స్పెయిన్ నుంచి సిరియా దాకా, తీరపు గీతకు అడ్డంగా, నేలవైపుకు వచ్చేలా ఊరి పక్కన ఊరు రాసుకుంటూ పోయారు. నీటిని ఖాళీగా వదిలారు. ఓడ నడిపేవాడికి పని నీటిమీదే. దూరం కొలుచుకోవాలన్నా దారి చూసుకోవాలన్నా అక్కడ అక్షరాలు అడ్డు రాకూడదు. పెద్ద రేవులకు ఎర్ర సిరా, చిన్నవాటికి నల్ల సిరా. తీరం మెలిక తిరిగినచోట పేర్లూ దాంతోపాటే తిరుగుతాయి. ఇటలీ పొడుగునా చదవాలంటే పటాన్నయినా తిప్పాలి, మెడనయినా తిప్పాలి.

ఆ తీరపు గీతే నన్ను ఎక్కువసేపు ఆపేస్తుంది. ఎక్కడా తిన్నగా సాగదు. ప్రతి అఖాతం దగ్గరా లోపలికి వంగుతుంది, ప్రతి భూశిరం దగ్గరా బయటికి పొడుచుకొస్తుంది. చిన్న అఖాతాలను ఉన్నదానికన్నా పెద్దవి చేసి గీయడం ఆనాటి నావిక పటాల అలవాటు. దాన్ని పొరపాటు అనలేం. ఓడకు గాలివాన తగిలినప్పుడు తలదాచుకునే చోటు కంటికి ఆనాలి కదా! ఇంత చేసినా మొత్తం సముద్రపు ఆకారం ఇవాళ్టి పటానికి ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంటుంది.

ఈ పటం పుట్టింది మయోర్కా దీవిలో. అప్పట్లో అది ఆరగాన్ రాజుల ఏలుబడిలో ఉండేది. పటంతోపాటు ఉన్న కాలగణన చక్రం ప్రకారం 1375 నాటిదని అంటారు. గీసినవాడి సంతకం లేదు. యూదు పటకారుడు క్రెస్కెస్ అబ్రాహాం పనితనమని పండితుల అంచనా. కొడుకు జఫూదా కూడా అదే వృత్తిలో ఉన్నాడు. త్వరలోనే పటం ఫ్రాన్స్ రాజుల గ్రంథాలయం చేరింది. ఇప్పుడు పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది.

దూడ చర్మాన్ని సున్నంలో నానబెట్టి, బిగదీసి, గీకి, నునుపు చేసిన ఆరు పెద్ద రేకులు. ఒక్కొక్కటి సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తు, 50 సెంటీమీటర్ల వెడల్పు. వాటిని చెక్క పలకలకు అతికించారు. మొదటి రెండింటిలో ఖగోళం, పంచాంగం, ఆటుపోట్ల లెక్కలు; మిగతా నాలుగింటిలో పటం. పక్కపక్కన పరిస్తే పటం ఒక్కటే రెండు మీటర్లు ఉంటుంది. ఇంత పెద్దది గోడకు తగిలించడానికి కాదు, బల్లమీద పరవడానికి. ఆ సంగతి బొమ్మలే చెబుతాయి. దక్షిణాన ఉన్న రాజులు మనకు నిటారుగా కనిపిస్తారు. ఆసియా ఉత్తర భాగంలో మాత్రం ఒంటెలు, గుర్రాలు, వర్తకులు, వాళ్ల పక్కన రాసిన మాటలు అన్నీ తలకిందులు. పచ్చీసు బట్ట చుట్టూ కూర్చున్నట్టు జనం బల్లకు అటూ ఇటూ నిలబడాలి. ఎవరివైపు బొమ్మలు వాళ్లకు సూటిగా ఉంటాయి. మార్కోపోలో పుస్తకం గుర్తుచేసే ఆ చైనా బిడారును చూడాలంటే బల్ల చుట్టూ తిరిగి అవతలివైపుకు వెళ్లాల్సిందే.

ఇప్పుడు పటమంతా అల్లుకున్న సన్నగీతల సంగతి. పైకి కనపడని ఒక పెద్ద వృత్తం మీద 16 బిందువులు పెట్టి, ఒక్కోదాన్నుంచి మిగతావాటికి గీతలు లాగడం నావిక పటాల పద్ధతి. ఎనిమిది ముఖ్యమైన గాలులకు, అంటే దిక్కులకు, నల్ల గీతలు, వాటి మధ్యవాటికి పచ్చవి, ఇంకా మధ్యవాటికి ఎర్రవి. ఊగే ఓడలో, దీపం వెలుగులో, రంగు చూసి గాలిని గుర్తుపట్టొచ్చు. పడమటి కొసన, అట్లాంటిక్ నీటిమీద, గాలుల పేర్లతో ఒక దిక్కుల చక్రం వేశారు. మనకు తెలిసినంతలో ఏ పటం మీదైనా ఇలాంటి చక్రం కనిపించడం ఇదే మొదలు.

అక్కడికి దిగువన ఆఫ్రికా తీరం పక్కన చిన్న ఓడ బొమ్మ. 1346 ఆగస్టు 10న జౌమె ఫెర్రెర్ అనేవాడు బంగారు నదిని వెతుకుతూ బయల్దేరాడని దానిమీది మాట. బొమ్మకు తేదీ వేయడం నాకు భలే నచ్చింది. నావికుల మధ్య పెరిగిన చెయ్యి మరి. ఓడకు లోపలివైపు మాలి చక్రవర్తి మన్సా మూసా కూర్చున్నాడు. నెత్తిన బంగారు కిరీటం, చేతిలో బంగారు ముద్ద. ఎదురుగా ఒంటెమీద ముఖానికి ముసుగు కట్టుకున్న ఎడారి మనిషి. పటం గీసేనాటికి మూసా పోయి సుమారు నాలుగు దశాబ్దాలు. అయినా అతడి బంగారం కథ సహారా దాటి మయోర్కా దాకా వచ్చి ఇంకా మెరుస్తూనే ఉంది. ఎర్ర సముద్రానికి ఎర్రరంగే వేశారు, మోషే దాటించిన చోట దారి వదిలి. నీరు ఎర్రగా ఉండదు, అడుగున నేల ఆ రంగుదని పక్కనే రాశారు కూడా.

ఇక తూర్పు. ఇక్కడికి రాగానే గీత మారుతుంది. మధ్యధరా దగ్గర అంత మెలికలు తిరిగిన గీత ఇక్కడ నున్నగా, నిదానంగా వంగుతూ పోతుంది. చూసినవాడి లెక్క దొరకని తీరానికి పళ్లుండవు. ఈ చెయ్యికి ఎక్కడిదాకా కొలత తెలుసో, ఎక్కడినుంచి విన్నమాటే దిక్కో పక్కన రాసిన వాక్యాలకన్నా గీతే నిజాయితీగా చెబుతుంది. విన్నమాటతో కూడా కొన్ని మంచి పనులు చేశాడు: యూరప్ పటాల్లో భారతదేశం ద్వీపకల్పంగా కనిపించే తొలివాటిలో ఇదొకటి. ఢిల్లీ సుల్తాను ఉన్నాడు, ఏనుగు ఉంది.

కింద తూర్పు తీరాన ‘బుతిఫిలిస్’ అనే ఊరు. మార్కోపోలో చెప్పిన ముత్‌ఫిలి అదే, అంటే మన బాపట్ల జిల్లా మోటుపల్లి. తుపానుకు చెదిరి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇకపై రాజు లాక్కోడనీ, నిర్ణయించిన సుంకమే తీసుకుంటాడనీ 1244లో కాకతీయ గణపతిదేవుడు అభయశాసనం వేయించిన రేవు. పటం మాత్రం అక్కడ స్టీఫెన్ అనే క్రైస్తవ రాజు ఏలుతున్నాడని, ఆ దేశంలోనే సెయింట్ థామస్ శరీరం ఉందని చెబుతుంది! శైవులైన కాకతీయుల మాట లేదు. అప్పటికే ఓరుగల్లు పడిపోయి అర్ధశతాబ్దం గడిచింది. లోయలో మాంసం ముక్కలు విసిరి, వాటిని ఎత్తుకెళ్లిన పక్షుల దగ్గర వజ్రాలు ఏరుకునే కథ మార్కోపోలో ఈ ముత్‌ఫిలి గురించే చెప్పాడు. పటంలో ఆ కథ మధ్య ఆసియా కొండల్లో ఉంది. వజ్రాల కథలు వజ్రాలకన్నా తేలిగ్గా ఊళ్లు మారతాయి.

ఇంకా తూర్పున, సముద్రంలో రంగురంగుల దీవులు చల్లి, మొత్తం 7,548 అని రాశారు. ఎవరూ లెక్కపెట్టనిదానికే అంత కచ్చితమైన అంకె! పని మాత్రం అక్కడా తగ్గలేదు. పక్కపక్క దీవులకు రంగు మార్చి, అంచు గీసి, మయోర్కాకు ఎంత శ్రద్ధ పెట్టారో వీటికీ అంత పెట్టారు.

జాతీయ గ్రంథాలయంవాళ్లు ఈ రేకులన్నింటినీ గాలికా వెబ్‌సైట్‌లో పెట్టారు. తెరమీద పెద్దవి చేసుకుని చూసేవాళ్లు ముందు సిసిలీ చుట్టూ ఉన్న తీరాన్ని గమనించి, ఆ తర్వాత బుతిఫిలిస్ దగ్గరి తీరానికి వెళ్లండి. తెరను తలకిందులు చేయడం మాత్రం మర్చిపోవద్దు. బిడారు అవతలి ఒడ్డున ఉంది.