ఆడుకునే నేల, ఆడే నీడలు

బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతపు గనుల్లో నాపరాయి పొర మీద పొరగా పడి ఉంటుంది. పని తెలిసినవాడు పొర అంచును కనిపెట్టి, ఉలితో సందు తెరిచి, గడ్డపార దూర్చి ఎత్తితే రాయి బల్లపరుపు బండగా లేచి వస్తుంది. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే ఈ బండ. కొలిమిగుండ్ల దగ్గరే ఉన్న బెలూం గుహలు కూడా నీళ్లు సున్నపురాయిని తొలిచి చేసినవే. అక్కడ 3,229 మీటర్ల మేర గుహలను కొలిచారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు దొరికే నల్లరాయి కడప బండ పేరుతో దేశమంతా తిరిగింది. ముంబైలో వంటగట్టుకు వేసే నల్లరాయిని ఇప్పటికీ ‘కడప్పా’ అనే అడిగి కొంటారు.

వంటగట్టుగా, అరుగుగా, మిద్దె కప్పుగా పనికొచ్చిన ఈ రాయి పసిపిల్లల గదిలో ఇంకా గొప్ప పని చేయగలదు. రాయలసీమ ఇళ్లలో ఆ పని ఎన్నో తరాలుగా చేస్తూనే ఉంది. పిల్లల గదిని ‘అలంకరించడం’ అన్న ఆలోచన కొత్తది కాబట్టి ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు, అంతే.

ఇప్పుడు కర్నూలులోనో కడపలోనో అపార్ట్‌మెంట్ కొన్న దంపతులు పిల్లల గదికి ఏం చేస్తారు? ఆడపిల్లకు గులాబీ రంగు, మగపిల్లాడికి నీలం రంగు, గోడకు కార్టూన్ స్టిక్కర్లు, కప్పుకు రాత్రిపూట మెరిసే ప్లాస్టిక్ నక్షత్రాలు. కారు ఆకారపు మంచం కూడా వస్తుంది. ఇవన్నీ ప్రేమతో చేసేవే. కానీ అందులో పిల్లకు చూడటం తప్ప చేయడానికి ఏమీ ఉండదు. వారం తిరిగేసరికి స్టిక్కరు పాతబడుతుంది. గోడ మీద పెన్సిల్ గీత పడితే కేకలు మొదలవుతాయి. పిల్లల గది గొప్పతనం అందులో పిల్ల చేయి వేయగలిగిన చోట్లు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన చూస్తే సీమలోని పాత మట్టిమిద్దె చాలా తెలివైన ఇల్లు.

మట్టిమిద్దెలో పిల్లలకు వేరే గది లేదు. ఎండాకాలం రాత్రి అందరి పడకా మిద్దె మీదే. మిగతా రోజుల్లో నడింట్లో చాపలు పరుచుకునేవాళ్లు. దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన వాన నీళ్లు దిగకుండా చౌడు మన్ను. కప్పులో వెలుతురు కోసం ఒక గవాచి. పొద్దు కదిలేకొద్దీ గవాచి లోంచి పడే ఎండబిళ్ల నేల మీద జరుగుతూ పోయేది. పాకే పిల్ల దాన్ని పట్టుకోబోయేది. కాస్త పెద్దవాళ్లు అది ఏ బండ మీదికి వచ్చిందో చూసి పొద్దు ఎంతయిందో చెప్పేవాళ్లు. గోడ మందంలోనే దీపానికో సామానుకో వదిలిన గూళ్లలో నేలకు దగ్గరగా ఉన్నవి పిల్లల సొంతం. చింతగింజలు, గవ్వలు, విరిగిన గాజుముక్కలు అక్కడ చేరేవి. దూలానికి కొక్కెం వేసి చీరతో కట్టిన ఊయల, బిడ్డ పెద్దయ్యాక అదే కొక్కేనికి పలక కట్టిన ఉయ్యాలగా మారేది.

వీటన్నిటికీ కింద రాతి నేల. కర్నూలు, కడప ఎండలు మే నెలలో 42, 43 డిగ్రీలు తాకే రోజుల్లో ఒంటికి చల్లగా తగిలే చోటు అదొక్కటే. పిల్లలు మధ్యాహ్నం పొట్ట ఆనించి పడుకునేదీ అక్కడే. ఆటలు కూడా అక్కడే పుట్టాయి. పాత గుళ్ల మండపాల్లో, రచ్చబండల మీద, ఇళ్ల అరుగుల మీద ఉలితో చెక్కిన పులిజూదం గీతలు ఇంకా కనిపిస్తాయి. 3 పులులు, 15 మేకలు, 23 కూడళ్లు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపాలి. మేకలు గుంపుగా చేరి పులికి దారి లేకుండా చేయాలి. ఒక్కొక్క మేకకు బలం లేదు, పులికేమో తోడు లేదు. రెండు వైపులకూ రెండు వేర్వేరు ఎత్తుగడలు కావాలి. ఇంత లోతైన ఆటకు కావలసిన సరంజామా నాలుగు గీతలు, గుప్పెడు గింజలు.

కొత్త ఇంట్లో పిల్లల గదికి నేల వేయిస్తున్నవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. గది మధ్యలో ఒక పెద్ద నాపబండ వేయించి, రాతిపని మేస్త్రీతో పులిజూదం చెక్కించవచ్చు. పక్క బండ మీద అష్టాచెమ్మాకు 25 గళ్లు. గీత రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు మించకూడదు. మించితే కాలివేలు తగులుతుంది, దుమ్ము చేరుతుంది. గీతలో తెల్లసిమెంటు నింపి రుద్దితే నల్లరాతి మీద ముగ్గులా తెల్లగా కనిపిస్తుంది. వామనగుంటలను మాత్రం నేలలో తొలిపించకూడదు, పిల్లలు పరుగెత్తే చోట గుంట ప్రమాదం. వరుసకు 7 చొప్పున 14 గుంటలు విడి రాతిపలక మీద తొలిపించి కిటికీ కింద గట్టుగా అమర్చితే, అదే కూర్చునే చోటూ అవుతుంది, ఆటబల్లా అవుతుంది.

రాతికి రెండో ఉపయోగం గోడ మీద. నల్ల నాపరాయిని నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఒక గోడకు తాపడం చేస్తే గదికంతా సరిపోయే రాతపలక తయారవుతుంది. సుద్దముక్కతో గీసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. అయితే అద్దంలా పాలిష్ పెట్టిన రాయి మీద సుద్ద జారుతుంది. దీనికి మెరుగు తక్కువగా, చేతికి కాస్త గరుగ్గా తగిలేది ఎంచుకోవాలి. నేలకు కూడా అదే మేలు, తడి కాలు జారదు. అంచులన్నీ గుండ్రంగా అరగదీయించడం మరిచిపోకూడదు. ఇది సున్నపురాయి కాబట్టి నిమ్మరసం ఒలికినా, యాసిడ్‌తో కడిగినా మచ్చ పడుతుంది. సాదా నీళ్లు చాలు.

గోడ కింది భాగాన్ని పిల్లకు వదిలేయడం చూడటానికి చిన్న విషయమే, కానీ చదువుల చరిత్రలో దాని వెనక పెద్ద మలుపు ఉంది. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచినప్పుడు, కుర్చీలూ బల్లలూ అలమరలూ పిల్లల ఎత్తుకు తగ్గట్టు ఉండాలని పట్టుబట్టారు. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. నేలకు దగ్గరగా ఉన్న గూడు సీమ ఇళ్లలో అప్పటికే ఉంది. పథకం వేసి పెట్టింది కాదు కానీ పిల్ల చేతికి అందింది, అది చాలు.

గోడకు రంగు గురించి ఒక్క మాట. సీమలో ఎర్రమన్ను, సున్నం పక్కపక్కనే పూసే అలవాటు చాలా పాతది. ఇంకా వెనక్కి వెళ్లాలంటే కడప జిల్లా ముద్దనూరు దగ్గర చింతకుంట గుండ్ల నీడలో ఆదిమ మానవులు ఎరుపు, తెలుపు రంగులతో గీసిన ఎద్దులు, జింకలు ఉన్నాయి. పిల్లల గది గోడకు అలాంటి ఎద్దునో జింకనో తల్లిదండ్రులు పెద్ద గీతతో గీసి, లోపల నింపడం పిల్లలకు వదిలేస్తే ఏ స్టిక్కరూ దాని ముందు నిలవదు. ఎరుపూ తెలుపూ తప్ప వేరే రంగు ఇవ్వకపోతే ఇంకా బాగుంటుంది. తడి సున్నం కళ్లకు ప్రమాదం కాబట్టి ఆ పూత పెద్దవాళ్లే వేసి, బాగా ఆరాకే పిల్లలను గదిలోకి రానివ్వాలి. డబ్బాల్లో దొరికే ఇంటిరంగులు వాడితే డబ్బా మీద సీసం సంగతి చదవాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన పాత రంగు పెచ్చులు ఊడుతున్న గోడ ఉంటే ముందు దాని సంగతి చూడాలి. పెచ్చులు నోట్లో పెట్టుకునే వయసు అది.

ఇక వెలుతురు. ఈ విషయంలో కర్నూలు, కడప వాసులు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్లాలి. అక్కడి తోలుబొమ్మల కుటుంబాలు మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి శుభ్రం చేసి, బిగదీసి ఎండబెడతాయి. ఎండిన తోలు లోంచి వెలుతురు కనిపించేంత పలచనవుతుంది. దాని మీద నల్లగీతతో బొమ్మ గీసి, రకరకాల ఉలులతో నగల కోసం, అంచుల కోసం వేల రంధ్రాలు పొడుస్తారు. రంగు రెండు వైపులా పూస్తారు. దీపం వెనక పెడితే రంధ్రాల లోంచి తెల్ల వెలుతురు, తోలు లోంచి రంగు వెలుతురు కలిసి వస్తాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. తోలుబొమ్మలాటలు తగ్గిపోయిన కాలంలో ఈ కుటుంబాలు అదే తోలుతో దీపాల తొడుగులు చేయడం మొదలుపెట్టి చేతిపనిని నిలబెట్టుకున్నాయి. అవే ఇప్పుడు పిల్లల గదిలోకి వస్తున్నాయి.

రావాల్సినవే. నెమళ్లు, చేపలు, ఏనుగులు ఉన్న తొడుగు లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలిగిస్తే చీకటంటే భయపడే పిల్లకు అది తోడు. పాత రకం వేడి బల్బు పెడితే తోలు ముడుచుకుపోతుంది. చెమ్మ తగలకూడదు, చిన్నపిల్లల చేతికి అందే ఎత్తులో ఉండకూడదు. కానీ తొడుగు కొని ఊరుకుంటే సగమే దక్కినట్టు. దాంతో పాటు కాళ్లూ చేతులూ కదిలే చిన్న బొమ్మ ఒకటి కొని, తెల్ల దుప్పటి తెరగా కట్టి, వెనక టార్చి పెట్టి పిల్లలకు ఇవ్వాలి. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ గీత గీసినట్టు స్పష్టంగా వస్తుంది. దీపం వైపు జరిపితే పెద్దదై, అంచులు మసకబారతాయి. హనుమంతుడు పెరిగిపోయే ఘట్టంలో ఆటగాళ్లు వాడుకున్న కిటుకు ఇదే. ఏడేళ్ల పిల్ల దీన్ని ఒక్క సాయంత్రంలో సొంతంగా కనిపెడుతుంది. ఆ తర్వాత అట్టముక్కలు కత్తిరించి తన బొమ్మలు తానే చేసుకుంటుంది. కేతిగాడు, బంగారక్క లాంటి హాస్యపాత్రలు రాముడూ రావణుడూ ఉన్న కథలోకి ఎందుకు దూరాయో కూడా అప్పుడే అర్థమవుతుంది. నవ్వు లేకపోతే తెర ముందు పిల్లలు కూర్చోరు.

పడకకు ఎమ్మిగనూరు నేత దుప్పట్లు ఉన్నాయి. మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఆ ఊరికి పేరు తెచ్చింది. ఎండాకాలానికి ఆ నూలును మించింది లేదు. చలికాలానికి అవ్వ చీరలను పొరలుగా పేర్చి కుట్టిన బొంత. పాత చీరల మెత్తదనం కొత్త గుడ్డకు రాదు. పిల్లల పాత చొక్కాల జేబులు ఊడదీసి బొంత అంచున కుట్టేస్తే ఒక్కో జేబులో ఒక్కో బొమ్మ నిద్రపోవచ్చు.

ఖర్చు సంగతి అడిగేవాళ్లు పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పక్కన పడేసిన ముక్కలను ఒకసారి చూడాలి. సైజుకు రాక మిగిలిన అడుగు, అడుగున్నర ముక్కలు పిల్లల గదికి సరిగ్గా సరిపోతాయి. అంచులు అరగదీయించి ఒక్కో ముక్క మీద ఒక్కో ఆట చెక్కిస్తే, అద్దె ఇంట్లో ఉండేవాళ్లు కూడా ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు. పులిజూదం ఎత్తులు తెలిసిన జేజి ఇంట్లో ఉంటే మొదటి ముక్క మీద ఏం చెక్కించాలో ఆమెనే అడగాలి. పిల్లలకు ఆట నేర్పే పని కూడా ఆమెకే అప్పగించాలి.