చూసీచూడని నియంత్రణ: ఇంగ్లీషు, పోర్చుగీసు మాటల తీరు

నియంత్రణ సంస్థ తన పనిని మెత్తగా చేస్తే దాన్ని ఏమనాలి? ఇక్కడ అనువాదకునికి నిఘంటువు ఒక్కటే చాలదు.

ఇంగ్లీషులో ‘లైట్ టచ్ రెగ్యులేషన్’ అన్నారు. తాకీతాకనట్టు నియంత్రించడమని అర్థం. ఈ మాటలో నింద లేదని గమనించండి. వీణ మీటే చేతిని మెచ్చుకున్నట్టు ఉంటుంది. 2008కి ముందు లండన్ ఆర్థిక రంగం గర్వంగా చెప్పుకున్న విధానమిది. 2007 సెప్టెంబరులో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు డిపాజిటుదారులు బారులు తీరారు. మరుసటి ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ బ్యాంకును జాతీయం చేసింది. తన పర్యవేక్షణలో లోపాలున్నాయని నియంత్రణ సంస్థ ఎఫ్.ఎస్.ఎ. ఆ మార్చిలో ఒప్పుకుంది. 2013లో ఆ సంస్థే రద్దయింది. కూలకముందు ‘లైట్’ అన్న పర్యవేక్షణే కూలిన తర్వాత ‘లాక్స్’, అంటే అలసత్వం, అయింది. పని మారలేదు, విశేషణం మారింది.

పోర్చుగీసులో ‘రెగులసావ్ బ్రాండ’, అంటే మెత్తని నియంత్రణ, అనే మాట ఉంది. ‘లైట్ టచ్’ను ముక్కకు ముక్క అనువదించబోయి ‘మావ్ లెవి’, తేలిక చేయి, అన్నారో బ్రెజిల్‌లో అది జేబుదొంగ చేయి అవుతుంది! (ఒక్కోసారి పొరపాటు అనువాదమే నిజానికి దగ్గరగా ఉంటుంది.) తెలిసీ చూడకపోవడాన్ని ‘ఫజేర్ విస్త గ్రోస’ అంటారు. చూపును మందం చేసుకోవడమని దాని అర్థం.

అన్నిటికన్నా పదునైనది ‘పర ఇంగ్లేస్ వేర్’, అంటే ‘ఇంగ్లీషువాడు చూడటానికి’. బ్రిటన్ ఒత్తిడి మీద బ్రెజిల్ 1831లో బానిసల దిగుమతిని నిషేధించింది. చట్టం కాగితం మీద ఉంది, ఓడలు మాత్రం వస్తూనే ఉన్నాయి. 1850లో మరో చట్టం తెచ్చాకే ఆ వ్యాపారం అణగింది. నుడికారం ఆ చట్టం నుంచే పుట్టిందని ఎక్కువమంది చెబుతారు. ‘లైట్ టచ్’లో నియంత్రించే చేయి ఒక్కటే కనిపిస్తుంది. ఇందులో ఆ నాటకం ఎవరి కోసమో కూడా తెలుస్తుంది.

దీన్ని మీరు ‘తూతూమంత్రం’ అని అనువదిస్తే సగమే వస్తుంది. అందులో చేసేవాడి నిర్లక్ష్యం ఉంది కానీ చూసేవాడు లేడు. ‘కంటితుడుపు’లో ఎదుటివాడు ఉన్నాడు, అయితే అతడు బాధితుడు. పోర్చుగీసు నుడికారంలో చూసేవాడు బలవంతుడు. నేనైతే ‘పైవాళ్ల కంటికి చూపించే చట్టం’ అని రాస్తాను. పొడవైనా సరే.