వార్లు వేషే వాండ్లు

1816లో మద్రాసులో డాక్టర్ రిచర్డ్ షెర్‌వుడ్ దారికాసే హంతక ముఠాల మీద ఒక వ్యాసం రాశాడు. దక్కన్‌లో వాళ్ళను ఫాంసీగర్లంటారనీ, ఉత్తరాదిన ఠగ్గులంటారనీ చెబుతూ తెలుగు పేరు కూడా ఇచ్చాడు. ఆయన స్పెల్లింగును ఉన్నదున్నట్టు పలికితే ‘వార్లు వేషే వాండ్లు’ అని వినిపిస్తుంది. ఉచ్చు వాడేవాళ్ళని అర్థం చెప్పాడు గనుక అవి ‘ఉర్లు’ అయ్యుంటాయని నా అనుమానం. తోలు వార్లే అయినా, పీక్కి పడ్డాక తేడా ఏముంది!

ఆ పేరు నాకు నచ్చింది. చేసిన పనేమిటో అందులో ఉంది. ఇంగ్లీషువాళ్ళు మాత్రం ‘ఠగ్’ను తీసుకున్నారు. హిందీలో ఠగ్ అంటే ఉత్త మోసగాడు. మాయమాటలు చెప్పి సొమ్ము కాజేసేవాడు. బాటసారులతో స్నేహం కలిపి, నమ్మించి, రుమాలుతో గొంతు బిగించే ముఠాలకు ఆ పేరు పడింది. 1836లో కంపెనీ ప్రభుత్వం చట్టమే చేసింది. ఎవర్ని చంపాడో రుజువు కానక్కర్లేదు, ఠగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవం. ఆ ఏడాదే ఠగ్గులను వేటాడే కంపెనీ అధికారి స్లీమన్ దొర వాళ్ళ రహస్య భాషకు ‘రామసీయానా’ అనే పదకోశం అచ్చువేయించాడు. పోలీసు పని చేసే అధికారి నిఘంటుకర్త కావడం నాకు ఇప్పటికీ వింతే. 1839లో నిజాం కొలువులోని మెడోస్ టేలర్ ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ నవల రాయడంతో ఆ మాట లండన్ ఇళ్ళలోకి వెళ్ళింది. పోనుపోను ఉరీ పోయింది, మోసమూ పోయింది. ఇవాళ ఇంగ్లీషులో థగ్ అంటే కండబలంతో బెదిరించేవాడు.

చట్టం నేర్చిన అలవాటు మాత్రం పోలేదు. 1871లో కొన్ని తెగలను మొత్తంగా నేరస్థుల జాబితాలో చేర్చే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలవాళ్ళు తర్వాత ఆ జాబితాకెక్కారు. పుట్టుకే కేసు.

వార్తలు అనువదించే మా డెస్కులో థగ్ కనబడితే ‘రౌడీ’ అని రాసేస్తాం. మన మాట వాళ్ళకిచ్చి వాళ్ళ మాట మనం పుచ్చుకున్నామన్నమాట. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు ‘రౌడీషీటర్ హత్య’ అని హెడ్డింగ్ పెట్టాడు. చనిపోయినవాడికి షీటెందుకు, పేరు రాయమన్నాను.

“పేరైతే ఎవరూ చదవరు సార్,” అన్నాడు.