ఈపాస్ ఫారం: ఒక సర్కారు కాగితం పనితనం

పదో తరగతి దాటి పైచదువులకు వచ్చిన పేదింటి పిల్లలు తెలంగాణలో ఏటా లక్షల సంఖ్యలో ఒకే ఫారం నింపుతారు. దాని పేరు ఈపాస్. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కైనా మెస్ చార్జీలకైనా దారి అదే. ఓరుగల్లులో వేయిస్తంభాల గుడి పనితనం మీద రాయని రచయిత లేడు. సర్కారు ఫారం మీద మాత్రం ఎవరూ రాయరు. అదీ ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన పనే. ఏ ప్రశ్న ముందు అడగాలి, దేన్ని అడగకుండానే తెలుసుకోవాలి, పద్దెనిమిదేళ్ల పిల్ల ఎక్కడ తడబడుతుంది అని లెక్క వేసుకుని చేసిన పని. ఆ లెక్క చాలాచోట్ల కుదిరింది. ఎక్కడ, ఎలా కుదిరిందో ఒక్కో గడీ చూసుకుంటూ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఫారాన్ని చదవడానికి హనుమకొండలోని సుబేదారి తగిన చోటు. 1927లో మొదలైన ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఇక్కడే ఉంది. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలో ఇప్పుడది భాగం. కలెక్టరేటూ ఈ పేటలోనే. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి, నర్సంపేట, మహబూబాబాద్ వైపు నుంచి పిల్లలు బస్సు దిగి వచ్చేది ఈ కాలేజీలకూ, పక్కనే నయీంనగర్ ప్రైవేటు కాలేజీలకూ. ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి తానే అయిన పిల్లలు వీళ్లలో ఎందరో. వాళ్లకూ ప్రభుత్వానికీ మధ్య జరిగే మొదటి పెద్ద సంభాషణ ఈ ఫారమే.

దీని వెనక చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు స్వాతంత్ర్యానికి ముందే, 1944లో మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అంతా కాగితాల మీదే నడిచింది. కాలేజీ ఆఫీసులో ఫారం తీసుకోవడం, నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం కోసం తిరగడం, కట్టలు కట్టి జిల్లా ఆఫీసుకు పంపడం. ఆ కట్ట ఏ బల్ల మీద ఉందో విద్యార్థికి తెలిసేది కాదు. 2000ల చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బీసీలకూ విస్తరించేసరికి దరఖాస్తులు ఒక్కసారిగా పెరిగాయి. కాగితం ఇక మోయలేకపోయింది. 2008-09లో సాంఘిక సంక్షేమ శాఖ కోసం హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఈపాస్‌ను తయారుచేసింది. ఎలక్ట్రానిక్ పేమెంట్ అండ్ అప్లికేషన్ సిస్టమ్ ఆఫ్ స్కాలర్‌షిప్స్ అన్నది పూర్తి పేరు. 2014లో రాష్ట్రం వేరుపడ్డాక తెలంగాణకు సొంత ఈపాస్ వచ్చింది.

ఇక ఫారంలోకి వెళ్దాం. ఫ్రెష్ అప్లికేషన్ తెరవగానే అది పేరు అడగదు. పదో తరగతి హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, రెగ్యులరా సప్లిమెంటరీనా, పుట్టినతేదీ అడుగుతుంది. అవి ఇస్తే బోర్డు రికార్డులోంచి పేరు, తండ్రి పేరు తనే తెచ్చి ముందు పెడుతుంది. ఈ ఒక్క నిర్ణయం దగ్గర నేను ఎంతసేపైనా ఆగగలను. మన పేర్ల సంగతి తెలిసిందే. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, వెనక రాసేవాళ్లు, ఒక్క అక్షరంతో సరిపెట్టేవాళ్లు. ఇంగ్లీషు అక్షరాల్లోకి వచ్చేసరికి ఒకే లక్ష్మి నాలుగు రకాలు. పిల్లలే టైపు చేస్తే ఏ రెండు కాగితాలూ కలవవు. కులం, జిల్లా, కోర్సు ఏదైనా కావచ్చు, పోస్ట్ మెట్రిక్ చదువుకు వచ్చే దాదాపు ప్రతి విద్యార్థి చేతిలోనూ ఉండే కాగితం పదో తరగతి మెమో. దాని నంబరును పాసైన సంవత్సరంతో కలిపి చూస్తే ఇద్దరికి ఒకటి ఉండదు. అందువల్ల ఒకే విద్యార్థి పేరుతో రెండు కాలేజీల నుంచి దరఖాస్తు వచ్చినా వెంటనే దొరికిపోతుంది. దొంగను ఆపే పనీ నిజాయితీపరుడి శ్రమ తగ్గించే పనీ ఒకే గడితో నెరవేరాయి. మామూలుగా ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ఇక్కడ రాలేదు.

కుల, ఆదాయ ధ్రువీకరణల దగ్గరా అదే చూపు కనిపిస్తుంది. 2011లో మీసేవ వచ్చాక సర్టిఫికెట్‌కు ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు ఇస్తే వివరాలు తహసీల్దారు జారీచేసిన రికార్డుతో సరిచూసుకోవచ్చు. ప్రభుత్వం తానే ఇచ్చిన కాగితాన్ని తానే గుర్తుపట్టడం అన్నమాట. వినడానికి చిన్న విషయం. నకలు నకలే అని ఇంకో అధికారి చేత రాయించుకోవడానికి ఒక పగలంతా పోగొట్టుకున్న తరానికి అది ఎంత పెద్ద విషయమో తెలుసు.

లోపలికి పోయిన కొద్దీ ప్రశ్నలు మనిషిని బట్టి మారతాయి. కాలేజీ ఎంచుకుంటే ఆ కాలేజీలో ఉన్న కోర్సులే కనిపిస్తాయి. డే స్కాలరా, కాలేజీ హాస్టలా, సంక్షేమ శాఖ హాస్టలా, విద్యార్థులే నడుపుకునే హాస్టలా అని అడుగుతుంది. మెస్ చార్జీల లెక్క ఆ జవాబు మీదే నిలుస్తుంది. ఇంజినీరింగ్ విద్యార్థిని ప్రవేశ పరీక్ష వివరాలు అడగడానికీ కారణముంది. బీసీ విద్యార్థులకు పదివేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, దాటితే 35,000 రూపాయల దాకా అన్న నియమం ఏళ్ల తరబడి నడిచింది. ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. బీసీలకు పల్లెలో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు. ఇంత చిక్కు నియమావళి మొత్తాన్నీ ఫారం తన కడుపులో పెట్టుకుంది. విద్యార్థి ముందుకు వచ్చేవి సూటి ప్రశ్నలే. ఏ జీవో ప్రకారం ఎంత వస్తుందో తేల్చుకునే భారం ఆమె మీద పడదు. మంచి ఫారం చేయాల్సిన పని ఇదేనని నా నమ్మకం.

అంతా అయ్యాక ఒక అప్లికేషన్ నంబరు వస్తుంది. ప్రింటు తీసి, మెమో, బోనఫైడ్, పాస్‌బుక్ జిరాక్స్ జతచేసి కాలేజీలో ఇవ్వాలి. వేలిముద్రతో ధ్రువీకరణ, కాలేజీ పరిశీలన, జిల్లా సంక్షేమ అధికారి మంజూరు, ట్రెజరీకి బిల్లు. వీటిలో ఏ మెట్టు మీద ఉందో స్టేటస్ పేజీలో ఎవరి దరఖాస్తు వాళ్లు చూసుకోవచ్చు. ఏటూరునాగారం అమ్మాయి సుబేదారి దాకా బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి గుమాస్తాను బతిమాలి తెలుసుకోవాల్సిన సంగతి ఇంటి దగ్గర ఫోనులో కనిపిస్తోంది. నిధులు విడుదల కాక బిల్లు నెలల తరబడి కదలకపోవడం వేరే బాధ. బకాయిల పాపం ఫారానిది కాదు. ఎక్కడ ఆగిందో ఏ దాపరికం లేకుండా చూపించడం మాత్రం దాని మంచి గుణం.

ఫారంలో ఒక ప్రశ్నను జనం మాట మార్చిన సందర్భం మన కళ్లముందే జరిగింది. 2014 జూలై చివర్లో ఫాస్ట్ అనే కొత్త పథకం కోసం ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 1956 నవంబరు 1కి ముందు నుంచీ తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే సాయం అన్నది దాని షరతు. తాతల కాలపు నివాసానికి రుజువు తేవడం ఎవరికైనా కష్టమే. భూమి లేనివాళ్లకు, వలస కూలీలకు మరీ కష్టం. పాస్‌బుక్కూ పహాణీ లేని ఇంట్లో 1956 నాటి కాగితం ఎక్కడ దొరుకుతుంది? విషయం హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ప్రశ్నించింది. 2015 మొదట్లో ప్రభుత్వం ఆ షరతును, ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974 నుంచీ అమల్లో ఉన్న స్థానికత పద్ధతి, అంటే ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేల్చేది, మళ్లీ నిలబడింది. నిర్ణయం సరైనదే. కాకపోతే ఒక్క ప్రశ్న సరిచేసుకోవడానికి ఆర్నెల్లు పట్టింది, కోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఫారం ఖరారు చేయకముందే పిల్లల్ని, తల్లిదండ్రుల్ని, కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్ గుమాస్తాల్ని అడిగి ఉంటే నెలలోపే తేలేది.

ఇలా ముందుగా అడగడం ఒక చట్టబద్ధమైన పనిగా ఉన్న దేశం ఉంది. అమెరికాలో కాలేజీ విద్యార్థులు ఫాఫ్సా అనే కేంద్ర ప్రభుత్వ ఫారం నింపుతారు. 1980 నాటి పేపర్‌వర్క్ రిడక్షన్ చట్టం ప్రకారం ఆ ఫారం మార్చాలంటే ముసాయిదాను ప్రజల ముందు పెట్టాలి. మొదట 60 రోజులు, తర్వాత 30 రోజులు ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు. ఫారం నింపడానికి జనానికి ఎన్ని గంటలు పడుతుందో అంచనా కూడా ప్రకటనలో చెప్పాలి. పేదవాడి సమయాన్ని లెక్కలో వేసుకోవడం నాకు ఆ చట్టంలో అన్నిటికన్నా నచ్చిన అంశం. అభిప్రాయాలు అడిగినంత మాత్రాన అంతా చక్కబడుతుందని కాదు. ప్రశ్నలు బాగా తగ్గించి తెచ్చిన 2024-25 ఫాఫ్సా దాదాపు మూడు నెలలు ఆలస్యంగా, 2023 డిసెంబరు చివర్లో, తప్పులతో తెరుచుకుంది. మరుసటి ఏడు అందుకే కొద్దిమంది విద్యార్థులతో ముందు నింపించి చూసి, తర్వాత అందరికీ తెరిచారు. రాతలో అడగడం ఒక ఎత్తు, నింపుతుంటే పక్కన నిలబడి చూడడం మరో ఎత్తు అని వాళ్లకు అనుభవం మీద తెలిసింది.

అక్కడి ఆర్థికవేత్తలు చేసిన ఒక ప్రయోగం ఫలితం 2012లో వచ్చింది. పన్ను లెక్కలు రాసిపెట్టే ఆఫీసుల్లో తక్కువ ఆదాయ కుటుంబాలకు ఈ ఫారం కూడా నింపిపెట్టారు. ఆ ఇళ్లలో హైస్కూలు చివరి తరగతి పిల్లలు కాలేజీలో చేరడం 8 శాతం పాయింట్లు పెరిగింది. ఎంత సాయం వస్తుందో చెప్పి, ఫారం మీరే నింపుకోండని పంపిన కుటుంబాల్లో అలాంటి మార్పు రాలేదు. మన దగ్గర కాలేజీ గేటు ముందు నెట్ సెంటర్ నడిపే తమ్ముడు చేస్తున్నది ఆ ఫారం నింపిపెట్టే పనే. ఏ గడి దగ్గర పిల్లలు ఆగిపోతారో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అతన్ని ఇప్పటిదాకా ఎవరూ అడిగినట్టు లేదు.

అడిగితే చెప్పగలిగినవి చాలా ఉన్నాయి. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల తన గురించి తానే రాసుకోవాల్సిన కాగితాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాల్సి వస్తోంది. ఉర్దూ మీడియం పిల్లలదీ అదే స్థితి. మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఏది ముందు మార్చుకోవాలో ఆ పేజీలోనే చెప్పాలి. తండ్రి లేని ఇంట్లో, తల్లీతండ్రీ ఇద్దరూ లేక అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల విషయంలో ఆదాయం ఎవరిదని రాయాలి? 2020 డిసెంబరులో కేంద్రం ఎస్సీ స్కాలర్‌షిప్పులో తన 60 శాతం వాటాను నేరుగా విద్యార్థి ఖాతాలో వేయాలని నిర్ణయించాక, ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో నింపేటప్పుడే తెలియడం మరీ అవసరమైంది. ఇక గడువు సంగతి. ఈపాస్ చివరి తేదీని ఏటేటా పొడిగిస్తూనే ఉన్నారు. ఆ పొడిగింపు ఉపకారమే. జనం ఎక్కడో ఒకచోట ఇరుక్కున్నారనడానికి అది రుజువు కూడా. ఎక్కువమంది ఏ పేజీలో వదిలేసి వెళ్లారో వ్యవస్థ రికార్డుల్లో వెతకవచ్చు. అది చూస్తే ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుల ముందు ఒకే నెలలో పడే వరుస కూడా లెక్కలోకి వస్తుంది.

మన దేశంలో 2014 ఫిబ్రవరి నుంచి కేంద్రానికి ఒక విధానం ఉంది. ముసాయిదా చట్టాలను, నిబంధనలను 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని అది చెబుతుంది. దరఖాస్తు ఫారం చట్టం కాదు కాబట్టి దాని ఊసు రాదు. చట్టం పేరు కూడా వినని ఇంటికి ఫారం మాత్రం చేరుతుంది. అందుకే ఫారం కోసం అలాంటి గడువు ఇంకా ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. పదహారేళ్లు దాటినా నిలబడి పనిచేస్తున్న ఈపాస్‌ను పడగొట్టి కొత్తది కట్టమని ఎవరూ కోరడం లేదు. హాల్ టికెట్ నంబరుతో మొదలుపెట్టిన ఆలోచన, అంటే విద్యార్థి ఒకసారి రుజువు చేసినదాన్ని మళ్లీ అడగకూడదన్న మర్యాద, ఫారం చివరి గడి దాకా సాగాలి. ఎక్కడ సాగడం లేదో నింపినవాళ్లే చెప్పగలరు.

సంక్షేమ శాఖలు ఈ పని తేలిగ్గా చేయవచ్చు. పోర్టల్ తెరవడానికి నెల ముందు ముసాయిదా ఫారాన్ని తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి సుబేదారి ఆర్ట్స్ కాలేజీ నోటీసు బోర్డులో, ములుగు, ఏటూరునాగారం జూనియర్ కాలేజీల్లో అంటించాలి. కొత్తగా చేరిన కొందరు పిల్లల్ని కూర్చోబెట్టి నింపించి చూడాలి. వచ్చిన సలహాల్లో ఏవి తీసుకున్నారో, ఏవి ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. అప్పటిదాకా ఆగనక్కర్లేదు. కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం ప్రజావాణి జరుగుతుంది. ఈ ఏడు మీరు గానీ మీ ఇంటి పిల్లలు గానీ ఈపాస్ నింపి ఉంటే, ఏ గడి దగ్గర ఎందుకు ఆగారో తెలుగులో ఒక పేజీ రాసి అక్కడ ఇవ్వండి, రసీదు తీసుకోండి.