ఏ వరుస తప్పదు? లాంపోర్ట్ వ్యాసముపై విమర్శ

కంప్యూటరునకు వ్రాసి యిచ్చిన ఆదేశముల వరుసలో ఎంత భాగము నిజముగా అవసరము? లెస్లీ లాంపోర్ట్ 1974 ఫిబ్రవరిలో "కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏ.సి.యం." పత్రికలో ప్రకటించిన "డూ లూపుల సమాంతర నిర్వహణ" అను వ్యాసము ఈ ప్రశ్నను చర్చించినది. 64 గణన విభాగములు ఏకకాలమున పనిచేయు ఇల్లియాక్-4 వంటి యంత్రములకై, ఫోర్ట్రాన్ కార్యక్రమములను కంపైలరు తానే మార్చగలదా అనునది అందలి సమస్య.

దాని సారమును ఒక చిన్న లెక్కలో చూడవచ్చును. నాలుగు అడ్డువరుసలు, నాలుగు నిలువువరుసలు గల గళ్ల పట్టిక యున్నదనుట. పైయంచునకు, ఎడమ అంచునకు వెలుపల అంతటను 1 వ్రాయబడినది. ప్రతి గడిలోను పై గడి, ఎడమ గడుల మొత్తమును వ్రాయవలెను. ఇందుకు ఒకదానిలో నొకటి ఇమిడిన రెండు లూపులు చాలును. 16 అంచెలు పట్టును. ఎడమ గడి విలువ తేలనిదే కుడి గడి లెక్క సాగదు. ఈ బంధమే దత్తాంశ పరాధీనత. కాని అడ్డు, నిలువు వరుసల సంఖ్యల మొత్తము సమానమగు గడులు ఏటవాలుగా నిలుచును. వాటిలో ఏదియు మరియొకదానిపై ఆధారపడదు. వాటిని ఒక్కసారిగా లెక్కించినచో 7 అంచెలతో పని ముగియును. పాస్కల్ త్రిభుజమును వరుసవెంట వరుసగా నింపు విద్యార్థి చేయునదియు ఇదియే.

ఆ ఏటవాలు రేఖను కంటితో గాక బీజగణితముతో కనుగొనుట వ్యాసపు ప్రధాన గుణము. విలువను ఇచ్చు అంచె, దానిని వాడుకొను అంచెకు ముందే యుండవలెనను నియమమును అది ఎక్కడను సడలింపదు. ఈ నిష్ఠ వేగము కన్న విలువైనది. వరుస తప్పినచో యంత్రము ఆగిపోదు. మారు మాటాడక తప్పు సంఖ్యను ఇచ్చును.

లోపములును గలవు. గడి సంఖ్యలు లూపు సంఖ్యకు ఒక స్థిరాంకమును కూడినవో, తీసివేసినవో కావలెను. ఏ గడిని చదువవలెనో మరియొక పట్టిక చెప్పునపుడు ఈ పద్ధతి పనికిరాదు. మొదటి, చివరి రేఖలపై ఒక్కొక్క గడియే యున్నందున ఆ వేళ మిగిలిన విభాగములు ఖాళీగా నుండును. ఏటవాలు గడులు జ్ఞాపకశాలలో దూరదూరముగా నుండుటచే, నేటి యంత్రములపై అంచెలు తగ్గినను కాలము తగ్గకపోవచ్చును. అంచెలను లెక్కించినంత శ్రద్ధగా వ్యాసము ఈ రాకపోకలను లెక్కింపలేదు.

అయినను, వ్రాసిన వరుస వేరు, విధిగా పాటింపవలసిన వరుస వేరు అను వివేకమును ఇంత స్పష్టముగా నేర్పు వ్యాసము ఉపాధ్యాయులకు ఉపకరించును. గళ్ల కాగితము, పెన్సిలు చాలు; తరగతిలో దీనిని చూపవచ్చును.