ఎనిమిది చరణాలు, ఒకే వరస

‘ఎర్ల్‌కోనిగ్’ అనగానే పాశ్చాత్య సంగీతం తెలిసినవాళ్ళు షూబర్ట్ పేరు చెబుతారు. పియానో మీద ఆ గుర్రపు పరుగు, ఊపిరి సలపనివ్వని ఆ వేగం! గొప్ప పాటే, కాదనను. కానీ గోథే రాసిన ఆ గేయానికి మొదట వరస కట్టిందీ, మొదట పాడిందీ కొరోనా ష్రోటర్. షూబర్ట్ పాట 1815 నాటిది. ఆమెది 1782 నాటిది. ఆ గేయానికి తగిన వరస ఆమెదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆమె 1751లో గూబెన్ పట్టణంలో ఓబో వాయించే ఇంట పుట్టింది. తండ్రి ఆమె చేత చిన్నతనంలోనే శక్తికి మించిన పైస్థాయి సాధన చేయించడంతో గొంతు కొంత దెబ్బతిందని చెబుతారు. లీప్‌జిగ్‌లో యోహాన్ ఆడమ్ హిల్లర్ ఆమెను చేరదీసి, పద్నాలుగేళ్ళకే కచేరీ ఎక్కించాడు. అక్కడే పాడిన గెర్ట్రూడ్ ష్మేలింగ్ తర్వాత ‘మారా’గా యూరప్ అంతా మోగింది. మారాది పెద్ద గొంతు, మెరుపులాంటి గమనం. ఆ హోరులో కొరోనాను రెండోస్థానంలో కూర్చోబెట్టినవాళ్ళంటే నాకిప్పటికీ కోపమే. మాటకు ప్రాణం పోయడంలో ఆమెకు సాటెవరు?

ఆ సంగతి గోథేకు తెలుసు. 1776లో పట్టుబట్టి వైమార్‌కు రప్పించి, డచెస్ అన్నా అమేలియా ఆస్థానంలో గాయనిగా నియమింపజేశాడు. 1779 ఏప్రిల్‌లో గోథే నాటకం ‘ఇఫిగేనియా’ తొలి ప్రదర్శనలో ఇఫిగేనియా ఆమె, ఒరెస్టీస్ స్వయానా గోథే. వాళ్ళిద్దరి మధ్య ప్రేమ ఉందనీ, వైమార్ డ్యూక్ కూడా ఆమె వెంట పడ్డాడనీ కథలున్నాయి. ఆ కథలు రాసినవాళ్ళు ఆమె పాటల గురించి నాలుగు వాక్యాలు రాయరు!

‘డీ ఫిషరిన్’ సంగతికి వద్దాం. 1782 జులైలో టీఫర్ట్ తోటలో, ఇల్మ్ నది ఒడ్డున, ఆరుబయట ఆడిన చిన్న సంగీత నాటకం అది. సంగీతం కొరోనాదే, జాలరి పిల్ల డోర్ట్‌హెన్ వేషమూ ఆమెదే. పొద్దుపోయినా తండ్రీ, పెళ్ళాడబోయేవాడూ రాలేదు. వంట చల్లారిపోతోంది. పిల్లకు విసుగు. ఆ విసుగులో ఎప్పుడో నేర్చిన పాటొకటి ఎత్తుకుంటుంది. అదే ‘ఎర్ల్‌కోనిగ్’.

వరస ఎనిమిది కొలతలే. ఎనిమిది చరణాలకూ అదే. అక్షరానికో స్వరం, గొంతు వెనకే నడిచే వాద్యం. మన దంపుళ్ళ పాటలో రోకటిపోటు మారకుండా కథ ఎలా సాగుతుందో ఇక్కడా అంతే. ఇది చేతకానితనం అనుకునేవాళ్ళు ఒకసారి పాడి చూడాలి. కథకుడు, తండ్రి, బిడ్డ, మృత్యురూపి అయిన ఎర్ల్‌కోనిగ్, నలుగురూ అవే స్వరాల్లో మాట్లాడాలి. తండ్రి మాటకు నిబ్బరం, బిడ్డ మాటకు వణుకు, వాడి మాటకు తీపి రావాలంటే ఊపిరి ఎక్కడ తీయాలో, ఏ హల్లును నొక్కాలో గాయనే తేల్చుకోవాలి. చివర బిడ్డ చనిపోతాడు, వరస మాత్రం చలించదు. ఆ నిర్దయ ముందు ఎన్ని పియానోలు మోగితే ఏం! గోథే మెచ్చిన పద్ధతీ ఇదే. 1816లో షూబర్ట్ పాటల్ని ఆయనకు పంపితే, జవాబైనా లేకుండా తిరిగి వెళ్ళాయి.

1786లో ఆమె ‘ఎర్ల్‌కోనిగ్’తో కలిపి ఇరవైఐదు పాటలు అచ్చువేసింది. ఆడది ఒంటరిగా లోకం ముందుకు రావడం మర్యాదేనా అన్న సంకోచాన్ని ప్రకటనలోనే చెప్పుకోవలసి వచ్చింది. అంతటి కళాకారిణికి ఆ సంజాయిషీ ఏమిటి! 1794లో మరో సంపుటి తెచ్చింది. క్రిస్టియానే నోయ్‌మన్ వంటి నటిని తీర్చిదిద్దింది. 1802లో ఇల్మెనౌలో, యాభైఒకటో ఏట, ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూసింది.

ఇప్పుడు ఆమెకు దక్కుతున్నదేమిటి? షూబర్ట్ పాటకు ముందు ఒకటి రెండు చరణాలు పాడి, ‘ఆడవాళ్ళూ కట్టారు’ అనిపించుకోవడం. ఎనిమిదింటి కోసం కట్టిన వరసను రెండింటితో తెంపేస్తే మిగిలేదేమిటి? ఇంకొందరు బిడ్డ మాట దగ్గర కీచుమంటారు, ఎర్ల్‌కోనిగ్ దగ్గర గుసగుసలాడతారు. షూబర్ట్ దగ్గర అరువు తెచ్చిన నటన ఇది. ఆ పాటకు ఇంతకంటే అన్యాయం లేదు.

పాడేవాళ్ళకు నా మనవి: ఎనిమిది చరణాలూ పాడండి. షూబర్ట్ పక్కన కాదు, ‘డీ ఫిషరిన్’లోని తక్కిన పాటల నడుమ పాడండి. తర్వాత ఆ 1786 సంపుటి తెరవండి. అందులో ఇంకా ఇరవైనాలుగు పాటలున్నాయి.